ఆడవాళ్ల చరిత్ర పెట్టె: టికెట్లు బాగున్నాయి, కిరీటం అక్కర్లేదు

దసరా సెలవుల ముందు ఆన్‌లైన్‌లో ఒక పెట్టె తెప్పించాను. చరిత్రలో నిలిచిన ఆరుగురు ఆడవాళ్ల మీద ఆరు చిన్న పుస్తకాలు, ఒక్కో పుస్తకంతో పాటు పిల్లలు చేత్తో చేసుకునే పని ఒకటి, దానికి కావలసిన సామాన్లు. డెలివరీతో కలిపి 1,850 రూపాయలు. మా పాపకు ఎనిమిదేళ్లు, బాబుకు ఐదు నిండాయి. సెలవులన్నీ ముగ్గురం కూర్చుని ఆరూ పూర్తి చేశాం, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. అమ్మినవాళ్ల పేరు మాత్రం రాయడం లేదు, నేను పెట్టిన ఫిర్యాదుకు వాళ్లింకా జవాబు ఇవ్వలేదు, వాళ్ల మాట వినకుండా పేరు పెట్టి రాయడం నాకు ఇష్టం లేదు. ఇలాంటి పెట్టె కొనాలనుకునేవాళ్లకు ఏం చూసుకోవాలో తెలిస్తే చాలు.

ముందు బాగున్నదాని గురించి చెప్తాను. దుర్గాబాయి దేశ్‌ముఖ్ పుస్తకంతో ఒక టికెట్ల కట్ట, చొక్కాకు పెట్టుకునే వలంటీరు బ్యాడ్జి, టికెట్‌కు చిల్లు పెట్టే చిన్న పంచ్ ఇచ్చారు. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు అక్కడ పెట్టిన ఖద్దరు ప్రదర్శన దగ్గర ఆవిడ వలంటీరు, అప్పటికి 14 ఏళ్ల పిల్ల. టికెట్ లేకుండా ఎవర్నీ పంపొద్దని చెప్పారు కాబట్టి నెహ్రూ వస్తే ఆయన్నీ ఆపేసింది, నిర్వాహకులు టికెట్ కొనిచ్చాకే లోపలికి వదిలింది. ఇది చదివి అరగంట కాలేదు, మావాడు బ్యాడ్జి పెట్టుకుని వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నాడు. మామయ్యగారు మంచినీళ్ల కోసం వస్తే "టికెట్ ఉందా తాతయ్యా?" అని చెయ్యి అడ్డం పెట్టాడు. "ఈ ఇంటికి పెద్దనిరా నేను" అన్నారాయన. "నెహ్రూ కూడా పెద్దే కదా" అన్నాడు వీడు. ఆయన మారుమాట్లాడకుండా గదిలోకి వెళ్లి రెండు రూపాయల బిళ్ల తెచ్చి ఇచ్చి, టికెట్‌కు చిల్లు పెట్టించుకుని, అప్పుడు నీళ్లు తాగారు. వారం రోజులు ఇంట్లో అందరం టికెట్లు కొన్నాం. ఈ ఒక్క ఆట తయారుచేసినవాళ్లెవరో గానీ పిల్లల్ని దగ్గరుండి చూసినవాళ్లు.

పుస్తకం మాత్రం అంత ధైర్యంగా లేదు. దుర్గాబాయికి ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారన్న సంగతి అందులో ఎక్కడా లేదు. మా పాపది సరిగ్గా ఆ వయసే, నేను చెప్పగానే కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ పెళ్లి వద్దనుకుని బయటికి వచ్చి, చదువుకుని, లాయరై, రాజ్యాంగ సభలో ఉన్న 15 మంది స్త్రీలలో ఒకరిగా కూర్చున్న మనిషి ఆవిడ. మొదటి ముక్క దాచేస్తే మిగతాది పిల్లలకు ఎలా అర్థమవుతుంది?

సావిత్రీబాయి ఫూలే దగ్గరా ఇదే తంతు. అట్ట బొమ్మ, దానికి తొడిగే రెండు కాగితపు చీరలు, భుజానికి ఒక సంచి ఇచ్చారు. చాలా మంచి ఆలోచన. 1848లో పుణెలో ఆడపిల్లలకు బడి పెట్టినందుకు ఆవిడ నడిచి వెళ్తుంటే దారిలో బురద, పేడ విసిరేవాళ్లు, అందుకే బడికి వెళ్లాక మార్చుకోవడానికి సంచిలో ఇంకో చీర పెట్టుకుని వెళ్లేది. కానీ పుస్తకంలో "కొందరికి ఆమె పని నచ్చలేదు" అని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. రెండో చీర ఫంక్షన్‌కు కట్టుకోవడానికా అని అడిగింది పాప. అసలు సంగతి చెప్పాను. అది లేచి వెళ్లి వాటర్ కలర్స్ తెచ్చి, మొదటి చీర కుచ్చిళ్ల నిండా గోధుమరంగు చుక్కలు చల్లింది. అప్పట్నుంచి బొమ్మ పుస్తకాల అలమర నుంచి కిటికీ దాకా నడిచి వెళ్తుంది, కిటికీ దగ్గర చీర మార్చుకుంటుంది, అక్కడ బడి. చీరల అంచులు కత్తిరించడం ఐదేళ్లవాడి వల్ల కాదు, పెద్దవాళ్లు దగ్గరుండాలి.

అయ్యలసోమయాజుల లలిత గారి గురించి పుస్తకం ఉండటం చూసే నేను ఈ పెట్టె కొన్నాను, నిజానికి. మద్రాసులో తెలుగు కుటుంబం, 18 ఏళ్లకే భర్త పోయారు, చేతిలో నెలల పసిపాప. తండ్రి గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసరు, ఆయన ప్రోత్సాహంతో అక్కడే చేరి 1940ల్లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తి చేశారు, మన దేశంలో ఆ చదువు చదివిన మొదటి మహిళ, తర్వాత భాక్రా నంగల్ డ్యాం జనరేటర్ల పనిలోనూ ఉన్నారు. అట్టమీద రాగి టేపు అంటించి, బిళ్ల బ్యాటరీ పెట్టి చిన్న ఎల్ఈడీ బల్బు వెలిగించడం ఇందులో పని. మొదటిసారికే వెలిగింది, ఇద్దరూ లైట్లన్నీ ఆపేసి అరగంట దాన్నే చూస్తూ కూర్చున్నారు. పుస్తకంలో లేనిది ఒకటి నేను కలిపాను. ఆవిడతో పాటు చదివిన ఇద్దరమ్మాయిలకూ, ఆవిడకూ ఇచ్చిన డిగ్రీ పట్టాల మీద ముందే 'హి' అని అచ్చయి ఉంటే, దాన్ని కొట్టేసి 'షి' అని దిద్ది ఇచ్చారు. ఇది విని పాప తెల్లకాగితం మీద ఒక పట్టా తయారుచేసింది, స్కేలు పెట్టి గీతలు గీసి, ముందు నీలం పెన్నుతో 'హి' రాసి, ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టి, పైన చిన్న అక్షరాలతో 'షి' రాసింది. అంతా అయ్యాక "కొత్త కాగితం మీద అచ్చు వేయొచ్చు కదమ్మా, ముగ్గురికే కదా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

రుద్రమదేవి పుస్తకం నాకు బాధ కలిగించింది. మేం ఉండేది హన్మకొండలో, కోట మాకు ఊళ్లోదే, తోరణాల కింద పిల్లలు ఎన్నోసార్లు ఆడుకున్నారు. పుస్తకంలో ఆవిడ పద్నాలుగో శతాబ్దపు రాణి అని వేశారు. ఆవిడ పాలన 1262లో మొదలైంది, నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం వల్ల 1289లో చనిపోయారని తెలుస్తోంది. పిల్లల పుస్తకంలో శతాబ్దమే తప్పితే ఎలా? ఇక చేసే పని ఏంటంటే బంగారురంగు అట్టతో కిరీటం. పెట్టుకుని ఫొటో దిగడం తప్ప అందులో ఏమీ లేదు. శాసనాల్లో ఆవిడను 'రుద్రదేవ మహారాజు' అని మగపేరుతో రాసేవారు, అది చెప్తే పిల్లలు చెవులు రిక్కించి వింటారు. మా పాప వెంటనే "లలిత గారికి కొట్టేసి దిద్దారు కదా, ఈవిడకు ఎవరూ దిద్దలేదా?" అని అడిగింది. కిరీటం ఇప్పుడు ఫ్రిజ్ మీద ఉంది.

మొల్లకైతే రంగురంగుల ప్లాస్టిక్ మట్టి ఇచ్చారు, రెండు పొట్లాలు అప్పటికే రాయిలా గట్టిపడిపోయాయి (ఫిర్యాదు దీని గురించే, జిగురు సీసా కూడా ఎండిపోయి వచ్చింది). కుమ్మరి మొల్ల అని లోకమంతా పిలుచుకునే కవయిత్రికి గులాబీరంగు మట్టి ఏంటి? ఆవిడ రామాయణంలో ఎనిమిది వందలకు పైగా పద్యాలుంటే పుస్తకంలో ఒక్కటంటే ఒక్కటీ వేయలేదు. మేరీ క్యూరీది ఫర్వాలేదు, 1903లో, 1911లో రెండు నోబెల్ బహుమతుల సంగతి చక్కగా చెప్పారు, చీకట్లో మెరిసే స్టిక్కర్లు పిల్లలకు నచ్చాయి.

తెలుగు గురించి చెప్పాలి. ఎడమవైపు ఇంగ్లిష్, కుడివైపు తెలుగు అని ప్రకటనలో చూసి సంబరపడ్డాను. యంత్రంతో అనువాదం చేయించి ఎవరూ చదవకుండా అచ్చేసినట్టుంది. లలిత గారి పుస్తకంలో కరెంట్ అన్న మాటకు 'ప్రస్తుతం' అని వేశారు. రాత్రి పడుకునే ముందు చదివి వినిపిద్దామంటే ప్రతి వాక్యాన్నీ మనసులో మార్చుకుంటూ చదవాల్సి వచ్చింది. కొనేముందు తెలుగు పేజీల ఫొటోలు రెండు పంపమని అడగండి, నేను అడగలేదు.

చాకలి ఐలమ్మ లేకపోవడం మా వైపు వాళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, పాలకుర్తి మాకు దూరం కూడా కాదు. భూస్వామి విస్నూర్ దేశ్‌ముఖ్‌కు ఎదురునిలిచి పండిన పంటను ఇంటికి తెచ్చుకున్న కథను మేమే చెప్పుకుని, వడ్లగింజలు అట్టకు అంటించి పొలం చేశాం. భండారు అచ్చమాంబ కూడా ఉండాల్సింది. బడికి వెళ్లకపోయినా ఇంట్లోనే చదువు నేర్చుకుని, నూటపాతికేళ్ల కిందటే దేశంలోని గొప్ప ఆడవాళ్ల చరిత్రలన్నీ వెతికి తెలుగులో పుస్తకంగా రాసి, 1905లో చిన్నవయసులోనే పోయిన మనిషి. ఇలాంటి పెట్టె తెలుగులో అమ్ముతూ ఆవిడను వదిలేయడం నేను ఒప్పుకోలేను.

ఆరింటిలో మూడు, అంటే టికెట్లు, చీరల బొమ్మ, బల్బు, డబ్బుకు తగ్గవే. వెయ్యిలోపు దొరికితే తీసుకోండి, పుస్తకాలు మీరు ముందు చదివి, వదిలేసినవి మీరే చెప్పండి. ఐదేళ్లలోపు పిల్లలైతే వద్దు. రెండో పెట్టె నేను తెప్పించలేదు. కుండలు అమ్మే ఆయన దగ్గర 60 రూపాయలకు పెద్ద మట్టిముద్ద తెచ్చాను. బాబు దాంతో మొల్లకు కుండ చేశాడు, మిగిలింది పాప పలకలా ఒత్తి మేకుతో శాసనం చెక్కింది. పచ్చిమట్టి మీద 'ద్ర' అక్షరం పూడుకుపోతోంది, ఒక పూట ఆగి కాస్త బిగిశాక చెక్కితే అంచులు చక్కగా నిలిచాయి. 'రుద్రమదేవి మహారాజు' అని రెండూ కలిపి రాసుకుంది, తనే అనుకుని. ఎండలో పెట్టొద్దు, మొదటిది మధ్యకు పగిలింది, నీడలో మూడు రోజులు ఆరబెడితే రెండోది నిలిచింది.