పోకెమాన్ ఎమరాల్డ్ పాత క్యాసెట్ కొంటున్నారా? డబ్బు పంపేముందు ఇది చదవండి

నింటెండో వాళ్ళ చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ అడ్వాన్స్ పాత క్యాసెట్లు ఆన్‌లైన్‌లో కొనే ఆలోచనలో ఉన్నవాళ్ళు, ముఖ్యంగా పోకెమాన్ ఎమరాల్డ్ కోసం వెతుకుతున్నవాళ్ళు జాగ్రత్త. 2,800 రూపాయలు పెట్టి నేను కొన్నది నకిలీ అని తెలిసేసరికి 26 రోజులు గడిచిపోయాయి. వాపసు గడువు పది రోజులే.

2006 వేసవి సెలవులకి మా మామయ్య అమెరికా నుంచి వస్తూ గేమ్ బాయ్ అడ్వాన్స్ ఎస్పీ, దాంతోపాటు ఈ క్యాసెట్ తెచ్చాడు. విజయవాడలో కరెంటు పోయినప్పుడల్లా నేనూ చెల్లీ డాబా మీద చాప వేసుకుని వంతులవారీగా ఆడేవాళ్ళం. ఎస్పీకి సొంత లైటు ఉండేది కాబట్టి చీకట్లోనూ ఆట సాగేది. ఆటలో స్కై పిల్లర్ అనే గోపురం పైకెక్కి రేక్వాజా అనే పోకెమాన్‌ని లేపితే, అది దిగొచ్చి సూటోపొలిస్ ఊళ్ళో గ్రౌడాన్, క్యోగ్రే అనే ఇంకో రెండు పోకెమాన్‌ల కొట్లాట ఆపే ఘట్టం చెల్లి నాతో మూడుసార్లు ఆడించింది. తర్వాత ఇల్లు మారినప్పుడు క్యాసెట్ పోయింది, ఎస్పీ మాత్రం మిగిలింది. ఇప్పుడు మా పాపకి తొమ్మిదేళ్ళు. తనతో కలిసి మళ్ళీ ఆడాలని కొన్నాను.

పార్సిల్ రాగానే పెట్టి చూశాను. ఆన్ అయింది. సేవ్ చేసి, ఆపి, మళ్ళీ పెడితే కంటిన్యూ కూడా వచ్చింది. అంతా బాగానే ఉందనుకున్నాను. పాప మొదటి పోకెమాన్‌గా మడ్‌కిప్‌ని ఎంచుకుని బుజ్జి అని పేరు పెట్టింది. రోజూ హోంవర్క్ అయ్యాక గంటా గంటన్నర ఆడేది. ఒక ఆదివారం రాత్రి ఆట చివర్లో వచ్చే నలుగురు మేటి ఆటగాళ్ళు, ఎలైట్ ఫోర్‌ని దాటి ఛాంపియన్ వాలెస్‌ని కూడా ఓడించింది. గెలిచిన జట్టుని నమోదు చేసే హాల్ ఆఫ్ ఫేమ్‌లో బుజ్జి కనిపించగానే మంచం మీద నుంచి లేచి గెంతింది. పేర్లన్నీ అయిపోయేదాకా చూసి పడుకున్నాం. పొద్దున ఆన్ చేస్తే న్యూ గేమ్ ఒక్కటే ఉంది. "నాన్నా, బుజ్జి ఏది?" అని అడిగింది. ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

అమ్మినవాళ్ళకి మెసేజ్ పెడితే వచ్చిన జవాబు ఇది: "పాత క్యాసెట్ కదండీ, లోపల బ్యాటరీ అయిపోయి సేవ్ పోయి ఉంటుంది." ఈ మాట మీకూ చెప్తారు, నమ్మకండి. పాత గేమ్ బాయ్ ఆటలు గోల్డ్, సిల్వర్‌లలో సేవ్ నిలబడేది బ్యాటరీ మీదే, అక్కడైతే అది నిజం. ఎమరాల్డ్‌లో బ్యాటరీ పని గడియారం నడపడం వరకే. బెర్రీలు పెరగడం, షోల్ కేవ్ అనే గుహలో ఆటుపోట్లు మారడం లాంటివి. సేవ్ ఉండేది ఫ్లాష్ చిప్‌లో, దానికి బ్యాటరీ అక్కర్లేదు. ఇరవై ఏళ్ళ నాటి అసలు క్యాసెట్ ఆన్ చేస్తే "ఇంటర్నల్ బ్యాటరీ హాజ్ రన్ డ్రై" (లోపలి బ్యాటరీ అయిపోయింది) అని రావడం మామూలే, ఆట మాత్రం నిక్షేపంగా సేవ్ అవుతుంది. అయితే గడియారమే లేని నకిలీలు కూడా అదే మెసేజ్ చూపిస్తాయి. కాబట్టి దాన్నిబట్టి అసలుదో కాదో తేల్చలేం.

మరి అన్ని రోజులూ సేవ్ అయింది ఆ రాత్రే ఎందుకు పోయిందా అని కూర్చుని చదివాను. అసలు క్యాసెట్‌లో 128 కిలోబైట్ల ఫ్లాష్ ఉంటుంది, అందులో 32 గదులు. మామూలు సేవ్ ఒకసారి మొదటి 14 గదుల్లోకి, తర్వాతిసారి ఇంకో 14 గదుల్లోకి మారుతూ వెళ్తుంది, ఒకటి పాడైనా రెండోది మిగలాలని. ఆ తర్వాతి రెండు గదులు హాల్ ఆఫ్ ఫేమ్‌కి. ఛాంపియన్‌ని గెలిచిన రోజుదాకా వాటిని ఎవరూ ముట్టుకోరు. నకిలీల్లో వేరే చవక చిప్ వేసి, దానికి తగ్గట్టు ఆటనే అటూ ఇటూ మారుస్తారు. చాలామందికి సరిగ్గా ఆ హాల్ ఆఫ్ ఫేమ్ దగ్గరే సేవ్ పోతోంది. అందుకే "మేం చెక్ చేశాం, సేవ్ అవుతోంది" అని అమ్మేవాళ్ళు వీడియో పంపినా అది సరిపోదు.

డబ్బు కట్టకముందే క్యాసెట్ కింది అంచు ఫొటో అడగండి, కాంటాక్టులు దగ్గరగా కనపడేలా. అసలుదైతే ఆ బంగారు రంగు పళ్ళకి కాస్త పైన బోర్డు మీద నింటెండో అని అచ్చు ఉంటుంది. నాకు వచ్చినదాంట్లో అక్కడ ఖాళీ. లేబుల్‌ని లైటుకి ఏటవాలుగా పట్టి ఇంకో ఫొటో తీయమనండి, అసలు లేబుల్ మీద రెండంకెలు లోపలికి నొక్కినట్టు సన్నగా కనిపిస్తాయి. అమెరికా క్యాసెట్ అయితే లేబుల్ మీద ఏజీబీ-బీపీఈఈ-యూఎస్ఏ అని ఉండాలి. వెనక స్క్రూ మూడు రెక్కలది. నకిలీలు స్క్రూని కూడా అనుకరిస్తున్నాయి, దాన్నొక్కదాన్నే చూసి మోసపోకండి. వీలైతే లోపలి బోర్డు ఫొటో కూడా అడగండి. నాది విప్పి చూస్తే చిప్ ఉండాల్సిన చోట నల్లటి తారు ముద్దలాంటిది అంటించి ఉంది.

మీ దగ్గర గేమ్ బాయ్ తర్వాత వచ్చిన నింటెండో డీఎస్ లైట్, దాని మీద ఆడే పోకెమాన్ డైమండ్ ఆట ఉంటే వాపసు గడువులోపే ఇంకొకటి చూడొచ్చు. ఎమరాల్డ్‌ని కింది స్లాట్‌లో పెడితే డైమండ్ మెనూలో మైగ్రేట్ ఫ్రమ్ ఎమరాల్డ్ అని వస్తుంది. చాలా నకిలీలకి రాదు.

ఆ అమ్మకం పేజీ నిన్న మళ్ళీ చూశాను. అదే ఫొటో, అదే "ఒరిజినల్, టెస్టెడ్" అన్న మాట, ధర మాత్రం 200 తగ్గించారు. ఆ ఫొటోలో క్యాసెట్ లేబుల్ ఎడమ మూల కొద్దిగా లేచి ఉంది. నాకు పంపినదాని లేబుల్ నాలుగు మూలలా కొత్తదానిలా అంటుకుని ఉంది.