బెంగళూరు మారతహళ్ళి స్కిన్ క్లినిక్, అమ్మ అరికాలి మచ్చ చూపించాం

అమ్మ అరికాల్లో నల్లమచ్చ ఈమధ్య పెద్దదవుతుంటే భయమేసి ఇక్కడికి తీసుకొచ్చాం. డాక్టరమ్మ ఏదో క్రీమ్ రాసిచ్చి పంపేయలేదు, డెర్మోస్కోప్ (చర్మాన్ని పెద్దదిగా చూపించే లెన్స్ పరికరం) పెట్టి స్క్రీన్ మీద మాక్కూడా చూపించారు, అరికాలి గీతల మధ్య పల్లాల్లో రంగుంటే చాలావరకు పర్లేదంట, గట్ల మీదుంటే మాత్రం అనుమానించాలంట. మన రంగువాళ్ళకి మెలనోమా (ఒకరకం చర్మ క్యాన్సర్) వస్తే ఎక్కువగా అరికాళ్ళు, అరచేతులు, గోళ్ళ కిందేనంట, ఎండతో పనిలేదు. జమైకా గాయకుడు బాబ్ మార్లేకి కాలిగోటి కిందే వచ్చింది, 1981లో పోయాడు పాపం. బయాప్సీ కూడా తీశారు, దేవుడి దయవల్ల క్యాన్సర్ కాదని వచ్చింది. తెలుగు నర్సమ్మ అమ్మ చెయ్యి పట్టుకుని అన్నీ ఓపిగ్గా చెప్పింది, అమ్మకి అదే సగం ధైర్యం. మచ్చ 6 మి.మీ. దాటినా, అంచులు వంకరగా ఉన్నా, రంగు మారినా ఆగకుండా చూపించండి. సాయంత్రం రద్దీ ఎక్కువ, పార్కింగ్ లేదు, పొద్దున్నే వెళ్ళండి.