ఫాల్టీ టవర్సా, న్యూహార్టా: ఏ హోటల్లో దిగుదాం?

ఈ రెండూ పాత టీవీ కామెడీ సీరియళ్లు. రెండింటిలోనూ ఉన్నది ఒక చిన్న హోటల్, దాన్ని నడిపే మొగుడూ పెళ్లాలు, ఒక పనివాడు, వచ్చిపోయే జనం. తేడా అల్లా పిచ్చి ఎవరికన్నదే. బ్రిటన్‌లో తీసిన 'ఫాల్టీ టవర్స్'లో పిచ్చి ఓనరుకి. అమెరికాలో తీసిన 'న్యూహార్ట్'లో ఓనరుకి తప్ప ఊరందరికీ.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే చాలామంది అక్కడే తేల్చేసుకుంటారు. ఫాల్టీ టవర్స్ మొత్తం 12 ఎపిసోడ్లు: 1975లో ఆరు, 1979లో ఆరు. ఒక శని, ఆదివారాల్లో అయిపోతుంది. న్యూహార్ట్ 1982 నుంచి 1990 దాకా ఎనిమిది సీజన్లు నడిచింది, 184 ఎపిసోడ్లు. రోజుకొకటి చూసినా ఆరు నెలలు పడుతుంది.

ఫాల్టీ టవర్స్ పుట్టుకే ఒక కథ. 1970లో మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ హాస్యనటుల బృందం షూటింగు పని మీద ఇంగ్లండ్‌లోని టోర్కీ అనే సముద్రతీరపు ఊళ్లో ఒక హోటల్లో దిగింది. ఓనరు డొనాల్డ్ సింక్లేర్‌కి అతిథులంటేనే ఒళ్లుమంట. ఆ బృందంలోని ఎరిక్ ఐడిల్ మరిచిపోయిన బ్యాగులో బాంబుందేమోనని దాన్ని తీసుకెళ్లి బయట పెట్టాడట. తక్కినవాళ్లు వేరే హోటల్‌కి మారిపోయారు. బృందంలోనే ఉన్న జాన్ క్లీజ్ మాత్రం ఉండిపోయి ఆ ఓనర్నే గమనిస్తూ కూర్చున్నాడు. తర్వాత భార్య కోనీ బూత్‌తో కలిసి బేసిల్ ఫాల్టీ అనే హోటల్ ఓనరు పాత్రను రాశాడు. రెండో సిరీస్ వచ్చేనాటికి ఆ ఇద్దరూ విడాకులు తీసుకున్నారు, అయినా రాత మాత్రం కలిసే రాశారు. అతుకు ఎక్కడా కనబడదు.

ఆ రాత బిగువు చూడాలంటే 'గౌర్మే నైట్' ఎపిసోడ్ ఒక్కటి చాలు. ఊళ్లో పెద్దమనుషుల్ని విందుకు పిలిచిన రోజే వంటవాడు పూటుగా తాగి పడిపోతాడు. బేసిల్ వేరే రెస్టారెంటు నుంచి బాతు వంటకం తెస్తుంటే కారు ఆగిపోతుంది. మూడు అంకెలు లెక్కపెడతాడు, కారుకి వార్నింగ్ ఇస్తాడు, ఫ్రేమ్‌లోంచి బయటికి పరిగెడతాడు. కెమెరా ఖాళీ కారు మీదే ఆగుతుంది. ఆ తర్వాత చెట్టుకొమ్మ పట్టుకొచ్చి కారును వాయిస్తాడు. తీరా హోటల్‌కి చేరి మూత తీస్తే లోపల బాతు లేదు, ఏదో తీపి వంటకం. దాంట్లోకి రెండు చేతులూ పెట్టి బాతు కోసం వెతుకుతాడు. ఇంగ్లిష్ ముక్క రాని మనిషైనా ఇక్కడ పడీపడీ నవ్వాల్సిందే.

న్యూహార్ట్ నవ్వు అలాంటిది కాదు. హాస్యనటుడు బాబ్ న్యూహార్ట్ ఇక్కడ డిక్ లౌడన్ పాత్ర వేశాడు. ఇంటి పనులు ఎలా చేసుకోవాలో పుస్తకాలు రాసేవాడు, భార్య జొయానాతో వెర్మాంట్ పల్లెకు వచ్చి స్ట్రాట్‌ఫర్డ్ ఇన్ అనే పాతకాలపు హోటల్ కొంటాడు. అక్కడ జార్జ్ అనే పనివాడు ఏ ప్రశ్నకైనా ఆలోచించి ఆలోచించి తప్పు జవాబిస్తాడు. డబ్బున్న ఇంటి పిల్ల స్టెఫనీ పనిమనిషిగా చేరి, పని తప్ప అన్నీ చేస్తుంది. ఊళ్లో ఉండే లారీ తనను, ఇద్దరు తమ్ముళ్లను పరిచయం చేస్తాడు, ఇద్దరి పేరూ డారిలే. వాళ్లు నోరు మెదపరు. డిక్ వీళ్లందరి మాటా విని, తడబడి, ఏదో అనబోయి ఆగిపోతాడు. ఆ ఆగడంలోనే నవ్వంతా. 'బిగ్ బ్యాంగ్ థియరీ' సీరియల్లో ప్రొఫెసర్ ప్రోటాన్‌గా బాబ్ న్యూహార్ట్‌ను చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఫోన్ చూసుకుంటూ చూస్తే మాత్రం ఏమీ దొరకదు.

న్యూహార్ట్‌కి ఒక లోపం ఉంది, దాచి లాభం లేదు. మొదటి సీజన్ చప్పగా ఉంటుంది. వీడియో టేపు మీద తీశారు, స్టెఫనీ ఇంకా పనిలో చేరలేదు, కేఫ్ ఓనరు కర్క్ చెప్పే అబద్ధాలు కాసేపటికి విసుగొస్తాయి. రెండో సీజన్ నుంచి ఫిల్మ్ మీద తీశారు, స్టెఫనీగా జూలియా డఫీ పూర్తిగా చేరింది, కథ కుదుటపడింది. ఆ పాత్రకు ఆమె ఏడుసార్లు ఎమ్మీ (అమెరికా టీవీ అవార్డు) నామినేషన్ దాకా వెళ్లి ఒక్కటీ గెలవకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఫాల్టీ టవర్స్‌లోనూ ఇబ్బందిపెట్టేవి లేకపోలేదు. స్పెయిన్ నుంచి వచ్చిన వెయిటర్ మాన్యువెల్‌ను బేసిల్ మాటిమాటికీ కొట్టడం, హోటల్లోనే ఉండే ముసలి మేజర్ నోట వచ్చే జాతి దూషణలు ఈ రోజుల్లో అంత తేలిగ్గా నవ్వు తెప్పించవు.

ఎపిసోడుకి ఎపిసోడు పెట్టి తూచితే ఫాల్టీ టవర్స్‌దే పైచేయి. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 2000లో వేసిన వంద మేటి బ్రిటిష్ టీవీ కార్యక్రమాల జాబితాలో అది మొదటి స్థానంలో నిలిచింది, తప్పుపట్టేదేమీ లేదు. కానీ రోజూ రాత్రి భోజనాలయ్యాక ఒకటి పెట్టుకోవాలంటే నా ఓటు న్యూహార్ట్‌కే. బేసిల్‌తో వరసగా మూడు ఎపిసోడ్లు గడిపితే మనకే బీపీ పెరుగుతుంది. డిక్ లౌడన్ ఊరు అలా కాదు, వారం గ్యాప్ వచ్చినా అక్కడికి మళ్లీ వెళ్లాలనిపిస్తుంది.

పైగా న్యూహార్ట్ ముగింపుకి ఇంగ్లండ్‌వాళ్ల దగ్గర జవాబు లేదు. చివరి ఎపిసోడ్లో గోల్ఫ్ బంతి తగిలి డిక్ పడిపోతాడు, తెర చీకటవుతుంది, దీపం వెలిగేసరికి ఆయన వేరే పడగ్గదిలో ఉంటాడు. పక్కన ఉన్నది జొయానా కాదు, 1972–78 మధ్య నడిచిన బాబ్ న్యూహార్ట్ పాత సీరియల్ 'ది బాబ్ న్యూహార్ట్ షో'లో భార్యగా వేసిన సుజాన్ ప్లెషెట్. ఎనిమిదేళ్ల హోటలంతా ఒక కల! ఆ ఆలోచన ఇచ్చింది న్యూహార్ట్ అసలు భార్య జినీ. ఇక్కడ చదివేశారు కదా అని మానేయకండి, తెలిసి చూసినా పండుతుంది. కాకపోతే ముందు ఆ పాత సీరియల్ రెండు మూడు ఎపిసోడ్లు చూసి, న్యూహార్ట్‌ను రెండో సీజన్ నుంచి మొదలుపెట్టండి.