32 అంగుళాల 4కే తెరకు ఏ ల్యాప్‌టాప్ మేలు?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) ఏ ల్యాప్‌టాప్ కొట్టుకు వెళ్లినా ముందు వినబడేవి ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. పెద్ద 4కే మానిటర్ తగిలించాలనుకునేవాళ్లు ఇవన్నీ పక్కన పెట్టి, ముందుగా ల్యాప్‌టాప్ పక్కనున్న పోర్టుల సంగతి తేల్చుకోవాలి. లక్ష పెట్టి కొన్నదానికి రాని బొమ్మ, అందులో సగం కూడా పెట్టని సెకండ్ హ్యాండ్ దానికి రావచ్చు.

లెక్క ఇదీ. 4కే తెర మీద 3840 × 2160, అంటే 82,94,400 చుక్కలుంటాయి. ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగింతలు. ఒక్కో చుక్కకు 24 బిట్లు, సెకనుకు 60 సార్లు పంపాలంటే, ఫ్రేముల మధ్య ఖాళీలను కూడా కలుపుకుంటే సెకనుకు 12 గిగాబిట్లు దాటుతుంది. హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు నికరంగా మోసేది 8.16 గిగాబిట్లే. కాబట్టి 4కే తెరకు అది 30 హెర్ట్జ్ (సెకనుకు 30 సార్లు) దగ్గరే ఆగిపోతుంది. 30 హెర్ట్జ్ అంటే ఏమిటో చూడాలంటే మౌస్ బాణాన్ని తెర ఈ చివరి నుంచి ఆ చివరికి లాగండి. జారుతూ పోదు, అంగలు వేస్తుంది. ఈ-పేపర్ పైకి కిందికి జరిపితే అక్షరాలు చెదిరిపోతాయి. రోజుకు ఎనిమిది గంటలు దాని ముందు కూర్చోవడం కళ్లకు శిక్షే.

హెచ్‌డీఎంఐ 2.0 నికరంగా 14.4 గిగాబిట్లు మోస్తుంది, 4కే 60కి చాలు. మానిటర్లకు వాడే మరో రకం పోర్టు డిస్‌ప్లేపోర్ట్ 1.2 అయితే 17.28, డిస్‌ప్లేపోర్ట్ 1.4 అయితే 25.92. 27 అంగుళాల 5కే తెరకు (5120 × 2880) సుమారు 22 కావాలి కనుక అక్కడ హెచ్‌డీఎంఐ 2.0 పనికిరాదు, డిస్‌ప్లేపోర్ట్ 1.4 స్థాయి పోర్టు ఉండి తీరాలి. వెడల్పాటి 5120 × 2160 తెరలకు 60 హెర్ట్జ్ దగ్గరే 16 దాటుతుంది. అక్కడా హెచ్‌డీఎంఐ 2.0 చేతులెత్తేస్తుంది.

కొత్త బడ్జెట్ ల్యాప్‌టాప్

నలభై యాభై వేల శ్రేణిలో ప్రాసెసర్ 12వ తరమో 13వ తరమో ఉంటుంది, హెచ్‌డీఎంఐ మాత్రం 1.4 దగ్గరే ఉండిపోయిన మోడళ్లు చాలానే ఉన్నాయి. ప్రాసెసర్‌కు సత్తా ఉన్నా పోర్టు దగ్గర పొదుపు చేస్తారు. వాటిలోని యూఎస్‌బీ-సీ కూడా చాలాసార్లు డేటాకే పనికొస్తుంది, బొమ్మ పంపదు. పోర్టు పక్కన డీపీ (డిస్‌ప్లేపోర్ట్) గుర్తు గానీ, బాణం ముక్కున్న మెరుపు గుర్తు (యూఎస్‌బీ-సీ ఆకారంలోనే ఉండే వేగమైన థండర్‌బోల్ట్ పోర్టుది) గానీ ఉందేమో చూడండి. గుర్తు లేకపోతే కంపెనీ సైటులో ఆ మోడల్ నంబరు పూర్తిగా కొట్టి స్పెసిఫికేషన్ల పత్రం తీయండి. ఒకే పేరుతో నాలుగు రకాలు అమ్ముతారు, చివరి అక్షరాలు మారితే పోర్టూ మారుతుంది.

ఇంకో తిరకాసు ఒకే ర్యామ్ కర్ర. ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్ పూర్తి బలంతో పనిచేయాలంటే ర్యామ్ రెండు చానళ్లలో ఉండాలి. ఒక్క 8 జీబీ కర్రతో వస్తే విండోస్‌లో దాని పేరే మారిపోయి ఇంటెల్ యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని కనబడుతుంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ తెరిచి జీపీయూ దగ్గర చూడండి. రెండో స్లాటు ఖాళీగా ఉంటే ఇంకో కర్ర వేస్తే సరిపోతుంది. పెద్ద తెర మీద కిటికీలు జరిపేటప్పుడు తేడా తెలుస్తుంది. ఒక్క పెద్ద తెర కోసమే కొనేవాళ్లకు మొత్తమ్మీద ఈ శ్రేణి తీసుకోమని నేను చెప్పను.

సెకండ్ హ్యాండ్ ఆఫీసు ల్యాప్‌టాప్

హైటెక్ సిటీ, గచ్చిబౌలి లాంటి ఐటీ పేట ఉన్న ఊరు కాబట్టి ఆఫీసులు వాడి వదిలిన బిజినెస్ ల్యాప్‌టాప్‌లు ఇక్కడ తేలిగ్గానే దొరుకుతాయి. అయితే తరం చూసి కొనాలి. ఉదాహరణకు లెనోవో థింక్‌ప్యాడ్ టీ480. 2018 నాటిది, 8వ తరం. దాని హెచ్‌డీఎంఐ 1.4బీ, అంటే 4కే 30 హెర్ట్జే. అదే ల్యాప్‌టాప్ యూఎస్‌బీ-సీ ద్వారా 4కే 60 చక్కగా ఇస్తుంది. అలాంటిది చేతికొస్తే హెచ్‌డీఎంఐ జోలికి పోకుండా యూఎస్‌బీ-సీ నుంచి డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వేయండి. ఈ తరంలో థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్ లోపం వల్ల ఆ పోర్టు చచ్చుబడిపోయే సమస్య ఉంది. లెనోవో దానికి అప్‌డేట్ ఇచ్చింది. కొనేముందే ఆ పోర్టులో ఛార్జింగూ బొమ్మా రెండూ పరీక్షించాలి, ఇంటికి రాగానే ఫర్మ్‌వేర్ ఎక్కించాలి.

నా మొగ్గు 11వ తరం ఇంటెల్ వైపు. థింక్‌ప్యాడ్ టీ14 జెన్ 2 లాంటివి. హెచ్‌డీఎంఐ 4కే 60 ఇస్తుంది, రెండు థండర్‌బోల్ట్ 4 పోర్టులున్నాయి. థండర్‌బోల్ట్ 4 గుర్తు వేసుకోవాలంటే రెండు 4కే తెరలో ఒక 8కే తెరో నడపగలగాలన్నది నియమం. కాబట్టి అక్కడ ఊహకు తావు లేదు. 90 వాట్ల యూఎస్‌బీ-సీ ఉన్న మానిటర్ తీసుకుంటే బొమ్మ, ఛార్జింగ్, కీబోర్డు అన్నీ ఒకే కేబుల్ మీద. 32 అంగుళాల 4కే 60 చాలనుకునేవాళ్లకు రూపాయికి ఇంత విలువ ఇంకెక్కడా రాదు.

గేమింగ్ ల్యాప్‌టాప్

4కే తెర మీద 120 హెర్ట్జ్ కావాలంటేనే ఇది. హెచ్‌డీఎంఐ 2.1 గరిష్ఠంగా 48 గిగాబిట్లు మోస్తుంది. పెట్టె మీద 2.1 అని రాసినంత మాత్రాన అంతా రాదు, నిబంధనలు 18 గిగాబిట్ల పోర్టుకు కూడా ఆ అంకె వేసుకోనిస్తున్నాయి. అడగాల్సింది అంకె కాదు, 4కే 120 వస్తుందా అని.

తర్వాత ఆ పోర్టు ఏ చిప్పుకు కలిపారో చూడాలి. చాలావాటిలో హెచ్‌డీఎంఐ నేరుగా ఎన్విడియా గ్రాఫిక్స్ చిప్పుకు పోతుంది. మానిటర్ తగిలించినంతసేపూ ఆ చిప్పు నిద్రపోదు, ఉత్త వర్డ్ ఫైలు తెరిచినా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో, మూత మూసి పెడితే పరిస్థితి ఇంకా కష్టం, ఎందుకంటే కొన్ని మోడళ్లు కీబోర్డు సందుల్లోంచే గాలి పీల్చుకుంటాయి. మానిటర్ ఇచ్చే 90 వాట్లు వీటి ఆకలికి చాలవు కాబట్టి ఇటుకంత అడాప్టర్ కూడా మోయాలి. రోజూ రాయదుర్గం మెట్రో ఎక్కేవాళ్లు ఇది ఆలోచించుకోవాలి.

మ్యాక్‌బుక్ ఎయిర్

5కే, 6కే తెరలకు బెంగ లేని దారి ఇదే. యాపిల్ సొంత చిప్పులైన ఎం1, ఎం2 ఉన్న ఎయిర్‌లు ఒక బయటి తెరనే నడుపుతాయి, అదీ 6కే 60 దాకా. ఎం3 మూత మూస్తే రెండు. 2025లో వచ్చిన ఎం4 మూత తెరిచే ఉంచి రెండు 6కే తెరలు నడుపుతుంది. ఫ్యాను లేదు, చప్పుడు లేదు. ఒక్క తెరే మీ అవసరమైతే సెకండ్ హ్యాండ్ ఎం1 ఈనాటికీ మంచి బేరమే. రెండు హెచ్‌డీఎంఐలున్న యూఎస్‌బీ-సీ హబ్ మాత్రం కొనకండి, మ్యాక్‌లో రెండు తెరల మీదా ఒకే బొమ్మ వస్తుంది.

27 అంగుళాల 4కే తెరను మ్యాక్‌లో 2560 × 1440 పరిమాణానికి పెట్టుకుంటే, అది లోపల 5120 × 2880 బొమ్మ గీసి 4కేకి కుదిస్తుంది. అక్షరం అంచు ఒక్క పిసరు మెత్తబడుతుంది. తెలుగులో ఇది ముందు వత్తుల దగ్గర పట్టుబడుతుంది. చిన్న సైజులో లక్ష్మి అని టైపు చేసి చూడండి, మకార వత్తు గిన్నె పూడిపోయినట్టు ఉంటుంది. 27 అంగుళాల 5కేలో ఆ కుదింపే ఉండదు కాబట్టి వత్తు విడివిడిగా నిలుస్తుంది.

డీటీపీ చేసేవాళ్లకు మాత్రం మ్యాక్ దారి మూసుకున్నట్టే. అను ఫాంట్లతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 మీద పని నడిచే చోట విండోస్ తప్పదు. ఆ సాఫ్ట్‌వేర్ 2001 నాటిది, 150 శాతం స్కేలింగ్ (తెర మీదివన్నీ ఒకటిన్నర రెట్లు పెద్దవి చేసి చూపడం) దానికి తెలియదు, మెనూలు అలుక్కుపోతాయి. ప్రోగ్రామ్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఓవర్‌రైడ్ టిక్కు పెట్టి సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్ ఎంచుకుంటే చాలావరకు తేరుకుంటుంది. అంతకన్నా మేలైన మార్గం 43 అంగుళాల 4కే. అక్కడ అంగుళానికి 102 చుక్కలే కాబట్టి స్కేలింగ్ 100 శాతంలోనే ఉంచవచ్చు. రెండు ఏ4 పేజీలు పక్కపక్కన నిండు సైజులో పరుచుకుంటాయి. టీవీనే మానిటర్‌గా వాడితే చాలా మోడళ్లలో ఆ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌కు సెట్టింగుల్లో పీసీ అని పేరు పెట్టాలి, లేకపోతే రంగు అక్షరాల అంచులు అలుక్కుపోతాయి.

కొట్లో పరీక్ష

4కే తెర ఉన్న కొట్టులోనే కొనండి, కేబుల్ మీదే తీసుకెళ్లండి. తగిలించాక విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరవండి. యాక్టివ్ సిగ్నల్ మోడ్ ఎదురుగా 3840 × 2160, 60 హెర్ట్జ్ కనబడాలి. కింద కలర్ ఫార్మాట్ ఆర్‌జీబీ అనో 4:4:4 అనో ఉండాలి. 4:2:0 అని ఉంటే సత్తా సరిపోని పోర్టు రంగులు మింగి 60 చూపిస్తోందన్నమాట. నీలం మీద ఎర్ర అక్షరాలు టైపు చేస్తే మసకగా కనబడి దొరికిపోతుంది.

60 రాకపోతే ల్యాప్‌టాప్‌ను తప్పుపట్టే ముందు మధ్యలో ఉన్నవాటిని చూడండి. ఫోన్ ఛార్జర్‌తో వచ్చిన సీ-టు-సీ కేబుల్ సాధారణంగా బొమ్మ మోయదు. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న చవక యూఎస్‌బీ-సీ అడాప్టర్ మీద 4కే అని మాత్రమే ఉంటే అది 30 హెర్ట్జే అనుకోండి, 60 అంకె రాసి ఉన్నదే తీసుకోండి. హెచ్‌డీఎంఐ కేబుల్ 4కే 60కి ప్రీమియం హై స్పీడ్, 4కే 120కి అల్ట్రా హై స్పీడ్ ముద్ర ఉన్నది కావాలి, రెండు మీటర్లు మించకుండా ఉంటే మంచిది. పొడవైన కేబుల్ సరిపోకపోతే బొమ్మ మసకబారదు. తెర రెండు సెకన్లు నల్లబడి మళ్లీ వస్తుంది, లేదా చుక్కలు మెరుస్తాయి. చాలామంది దాన్ని మానిటర్ లోపమనుకుని సర్వీసు సెంటర్ల చుట్టూ తిరుగుతారు.