9999 నాణేలు: త్రీడీఎస్‌లో పోకెమాన్ రెడ్, ఆరేళ్ల వాడకం తర్వాత

1996లో జపాన్‌లో వచ్చిన పోకెమాన్ రెడ్ అనే వీడియో గేమ్‌ను 2016 ఫిబ్రవరిలో నింటెండో వారి చేతి గేమ్ యంత్రం త్రీడీఎస్ కోసం తిరిగి విడుదల చేసినప్పుడు, ఆటలోని సెలడాన్ నగరంలో ఉన్న గేమ్ కార్నర్ అనే జూదశాలను, అందులోని స్లాట్ యంత్రాలను (నాణేలు వేసి, బొమ్మలు ఒకే వరుసలో పడితే గెలిచేవి) తీసివేయకుండా అలాగే ఉంచారు. అమెరికా నుంచి మా చిన్నాన్న కొడుకు ఇచ్చిన యంత్రంలో ఆరేళ్లుగా దీన్ని ఆడుతున్న నేను, పాతదాన్ని పాతదిగానే ఇచ్చిన ఆ నిజాయితీని చాలాకాలం మెచ్చుకున్నాను.

మొన్నటి వేసవి సెలవుల్లో మిర్యాలగూడ నుంచి నల్లగొండకు వచ్చిన మా మేనల్లుడు, పోరిగాన్ అనే పోకెమాన్ (ఆటలో పట్టి పెంచుకునే జీవి) కావాలని ఆ స్లాట్ ముందు కూర్చున్నాడు. రెడ్‌లో దాని వెల 9999 నాణేలు (దీని జంట ఆట బ్లూలో 6500 మాత్రమే, కొనేటప్పుడు తెలియకపోవడం నా ఖర్మ). ఆటలోని డబ్బు 1000 ఇస్తే 50 నాణేలు వస్తాయి కనుక, దాదాపు 200 సార్లు కౌంటరు దగ్గర నిలబడితే అదృష్టంతో పని లేకుండానే తెచ్చుకోవచ్చునని చెప్పాను. "పైసలు పెట్టి కొంటే మజా ఏముంటది మామా?" అన్నాడు. నాలుగు రోజులు అన్నం పళ్లెం పక్కన పెట్టుకొని, గెలిచినప్పుడల్లా సేవ్ చేస్తూ, ఓడినప్పుడల్లా ఆపి మళ్లీ మొదలుపెడుతూ ఆడాడు. చెర్వుగట్టు జాతరలో రింగులు విసిరేవాళ్లకు ఈ సౌకర్యం ఉంటే దుకాణదారు ఒక్క రాత్రిలో దివాలా తీసేవాడు.

అయిదో రోజు నా ఫోన్‌కు బ్యాంకు సందేశాలు వరుసగా వచ్చాయి. వాడు విసిగిపోయి నా ఫోన్‌లోని మరో ఆట తెరిచి, లోపల ఏముందో తెలియని పెట్టెలను ఒక్కొక్కటి 99 రూపాయల చొప్పున ఏడు కొన్నాడు. కేకలేస్తే, "రెండూ ఒక్క తీరే గద మామా" అన్నాడు. ఒక్క తీరు కాదు. ఆ పాత స్లాట్‌కు నా జేబులోకి దారి లేదు. 2018లో బెల్జియం గేమింగ్ కమిషన్ కొన్ని ఆటల్లో డబ్బుకు అమ్మే ఇలాంటి పెట్టెలను జూదంగా తేల్చడానికీ, 2017లో తెలంగాణ పందెం కట్టే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించడానికీ ఆధారం ఆ దారే. అయితే ఈ తేడా నాకు తెలిసినంత సులువుగా, నాలుగు రోజులు ఒకే మీట నొక్కిన వాడి వేలికి తెలియలేదు.

2010లో జపాన్ బయట విడుదలైన సోల్ సిల్వర్ అనే మరో పోకెమాన్ ఆటలో స్లాట్ తీసేసి, పలకలు తిప్పే వోల్టార్బ్ ఫ్లిప్ పెట్టినందుకు అప్పట్లో చాదస్తమని విసుక్కున్నాను. వరుసల చివరి అంకెలను బట్టి బాంబు ఎక్కడుందో లెక్కగట్టే ఆ ఆటలో అదృష్టం కొంత ఉన్నా, నాణేలను ఆటలోని డబ్బుతో కొనే వీలు లేదు. ఆ విసుగును ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

2023 మార్చిలో త్రీడీఎస్ ఆన్‌లైన్ దుకాణంలో అమ్మకాలు ఆగిపోయాయి కనుక, నా మాట ఇప్పటికే రెడ్ కొనుక్కున్నవారికే. నాలాగా ఒంటరిగా, రాత్రిపూట అరగంట ఆడేవారికి ఇది ఇంకా మంచి ఆటే. బడి పిల్లలున్న ఇంట్లో అయితే, ముందు ఫోన్‌కు తాళం వేసి, ఆ తర్వాత చేతికివ్వండి. మావాడి లెక్క 4120 నాణేల దగ్గర ఆగింది, దసరాకు వస్తానన్నాడు.