ప్రాణహిత లోయలో శిలాజాల మ్యాపింగ్: బస ఎక్కడ, పని ఎలా

మంచిర్యాలలో రైలు దిగగానే లాడ్జీలు, మందుల షాపులు, ఏటీఎంలు అన్నీ ఉంటాయి. అయినా అక్కడ బస చేయొద్దనే మా సలహా. మనం పని చేసే చెన్నూరు వైపు అక్కడి నుంచి దాదాపు 40 కిలోమీటర్లు; పొద్దుటి ఏటవాలు ఎండలోనే మట్టి మీద ఎముక ముక్కలు మెరిసి కనబడతాయి, ఆ వేళ కాస్తా రోడ్డు మీదే గడిచిపోతుంది. చెన్నూరులో గదులు సాదాసీదావే, కానీ పనికి అదే నయం. కోటా అనే రాతిపొరలు చూడాలంటే ప్రాణహిత దాటి సిరోంచలో ఒకట్రెండు రాత్రులు ఉండాలి. అది మహారాష్ట్ర, అక్కడి పోలీసులకూ అటవీ శాఖకూ ముందే చెప్పుకోవాలి. ఆటో ఊరి దాకానే వస్తుంది, ఒర్రెల్లోకి నడకే. దారి చూపడానికి మేకల కాపరిని మించినవాడు లేడు.

వానలు వెళ్లాక, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి అదను. ఒర్రెల గట్లు అప్పుడే కోసుకుపోయి కొత్త పొర బయటపడి ఉంటుంది.

ఇక అసలు చిక్కు: ఇక్కడి రాతిపొరల్లో కింది నుంచి పైకి ఎర్రపల్లి, మలేరి, ధర్మారం అనే మూడూ ఎర్రమట్టే. రంగు చూసి పేరు పెడితే మోసపోయినట్టే. ఎర్రపల్లికీ మలేరికీ నడుమ భీమారం ఇసుకరాయి ఉంటుంది, ముందు దాన్ని పట్టుకోండి. పొరలు వాలిన దిక్కుగా నడుస్తూ 1.5 మీటర్ల కొలకర్రతో మందం కొలవాలి. వాలు 5 డిగ్రీలే అయితే చదును నేల మీద కిలోమీటరు నడిచినా మందం 87 మీటర్లే.

దొరికిన ప్రతి ముక్కకూ జీపీఎస్ పాయింటుతో పాటు పొరలోనే ఉందా, జారి వచ్చిందా అన్నది రాయాలి. పైనున్న ధర్మారం ఎముక వానకు జారి మలేరి మట్టి మీద పడితే వయసే తారుమారవుతుంది. చిన్న పళ్లు వరుసలుగా పేర్చినట్టున్న హైపరోడాపెడాన్ అనే పురాతన సరీసృపం దవడ పలక కింది మలేరికి గుర్తు. అది కూడా పొరలో ఇరుక్కుని ఉంటేనే లెక్క. ఏమీ దొరకని గట్లను కూడా మ్యాపులో గీయండి. లేకపోతే అది శిలాజాల మ్యాపు కాదు, మీరు నడిచిన దారుల మ్యాపు.

అనుమతి లేకుండా ఏదీ తవ్వొద్దు, ఏరొద్దు. అనుమతి ఉన్నా, ఎముకకు తడి టిష్యూ కాగితం చుట్టాకే ప్లాస్టర్ ముంచిన గోనెగుడ్డ వేయాలి. కాగితం మరిస్తే ప్లాస్టర్‌తో పాటు ఎముక పైపెచ్చు కూడా ఊడొస్తుంది.

హైదరాబాద్ మీదుగా వెళ్లేవాళ్లు ముందే బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం చూసుకోండి. 1988లో పేరు పెట్టిన ఈ జంతువు కోటా పొరలదే. వెన్నుపూసల దగ్గర కాసేపు ఆగండి. ఒర్రెలో మీకు ఎదురయ్యేది వాటిలో ఒక చెక్క మాత్రమే.