బ్యాటరీల మీద నడిచే ఎఫెక్ట్ పెడల్: మూడేళ్ళ తర్వాత

జూమ్ ఎంఎస్-70సీడీఆర్ పెడల్ నా చేతికొచ్చి మూడేళ్ళు దాటింది. వాద్యానికీ సౌండ్ బాక్సుకీ మధ్య పెట్టి, శబ్దానికి ప్రతిధ్వని లాంటి హంగులు అద్దే చిన్న పెట్టె ఇది. సెకండ్ హ్యాండ్‌లో ఆరున్నర వేలకి తీసుకున్నాను. ఇందులో ఎన్ని ఎఫెక్టులున్నాయి, ఎన్ని ఒకేసారి పెట్టుకోవచ్చు లాంటివి కొనాలనుకునే వాళ్ళకి ఎలాగూ తెలుసు కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది దీని అడుగున ఉండే చిన్న మూత గురించి. ఆ మూత తీస్తే రెండు ఏఏ సైజు బ్యాటరీలు పడతాయి. గోడ గడియారంలో వేస్తామే, అవే. ఈ పెడల్ మీద నాకింత ప్రేమ ఏర్పడటానికి ఆ మూతే కారణం.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. నాది నరసాపురం. మేం వాయించేది డీజే కాదు. వోల్కా బీట్స్ అనే చిన్న డ్రమ్ మెషిన్ మీద రిథమ్ నేను నడుపుతాను, పక్కన ఒక పాత కీబోర్డు, నాతో ఇద్దరు డప్పు వాళ్ళు, పాడే కుర్రాడు ఒకడు. తీర్థాలు, వినాయక చవితి పందిళ్ళు, సంక్రాంతి మూడు రోజులు, అప్పుడప్పుడు పెళ్ళిళ్ళు. అన్నీ ఆరుబయటే. సామాను మోటారు సైకిల్ మీద పట్టాలి, అవసరమైతే పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి వైపు వెళ్ళాలి. ఒక ఏడాది ల్యాప్‌టాప్‌తో ప్రయత్నించాను. వాయించినంత సేపూ దానికి నీళ్ళు తగులుతాయేమో, ఎవరైనా వైరు తన్నేస్తారేమో అన్న టెన్షనే. టచ్ ప్యాడ్ మీద వేలు జరిపి ఎఫెక్ట్ మార్చే పెట్టె ఒకటి అరువు తెచ్చి చూశాను. అది సరదాగానే ఉంటుంది గానీ ఏప్రిల్ ఉక్కలో చెమట వేళ్ళకి లొంగలేదు. కాలితో నొక్కేది, తిప్పే నాబులున్నది కావాలనుకుని చివరికి దీని దగ్గరకొచ్చాను.

కొన్న కొత్తలో బ్యాటరీల సంగతి నేను పట్టించుకోనేలేదు. పెడల్ అన్నాక అడాప్టర్ మీదే నడపాలి కదా అనుకున్నాను. మొదటి ఆరు నెలలు అలాగే నడిపాను.

ఆ మాఘమాసంలో, అంతర్వేది తీర్థం రోజుల్లో, సముద్రం వైపు ఒక ఊళ్ళో రాత్రి ప్రోగ్రాం. మూడో పాట నడుస్తుండగా కరెంటు పోయింది. జనరేటర్ వేశారు. దీపాలు వెలిగాయి, సౌండ్ బాక్సులు వచ్చాయి, వాటితోపాటు ఒక కూత కూడా వచ్చింది. అడుగున ఝుమ్మని ఒక గోల, దాని మీద దోమ చెవిలో దూరినట్టు సన్నటి కీచు. పాట ఆపితే ఇంకా బాగా వినిపిస్తోంది. నేను డిలే (వచ్చిన శబ్దాన్నే కాస్త ఆగి మళ్ళీ మళ్ళీ వినిపించే ఎఫెక్ట్) పెంచి ఉంచానేమో, కీచు మీద కీచు తిరిగి తిరిగి వస్తోంది. ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్ళు చెవులు మూసుకున్నారు.

సౌండ్ సెట్టు ఆయన వయసులో పెద్దాయన. స్టేజీ పక్కకొచ్చి, "ఏంటండి బాబూ ఆ కూత? మీ దగ్గర్నించే వస్తందండి," అన్నారు. నేను కీబోర్డు వైరు పీకాను. కూత తగ్గలేదు. వోల్కా జాక్ తీశాను. తగ్గలేదు. పెడల్ జాక్ తీయగానే ఆగింది. మళ్ళీ పెడితే మళ్ళీ మొదలు. చేతులు చల్లబడ్డాయి నాకు. ఆయన వంగి ఎక్స్‌టెన్షన్ బోర్డు చూసి, "అడాప్టర్లన్నీ ఒకే బోర్డులో గుచ్చారు కదండి. అది బ్యాటరీ మీద నడవదాండి?" అని అడిగారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు అడుగున మూత ఉందని.

మా డప్పు తమ్ముళ్ళని ఐదు నిమిషాలు వాయిస్తూ ఉండమన్నాను. పాడే కుర్రాడు పందిరి పక్కనున్న కిళ్ళీ కొట్టుకి పరిగెత్తి రెండు బ్యాటరీలు తెచ్చాడు. సెల్‌ఫోన్ లైటు వెలుగులో పెడల్ బోర్లా తిప్పి, మూత తీసి, అవి వేసి, అడాప్టర్ పక్కన పడేశాను. తెర వెలిగింది. దడదడలాడుతూనే మిక్సర్ మీద దాని వాల్యూమ్ పైకి జరిపాను. ఏమీ రాలేదు. ఝుమ్మూ లేదు, కీచూ లేదు. అంత పెద్ద బాక్సుల్లోంచి ఏమీ రాకపోవడం ఎంత హాయో ఆ రాత్రి తెలిసింది. కీబోర్డు మీద ఒక్క మెట్టు నొక్కితే దాని డిలే ఒక్కొక్కటే శుభ్రంగా వినిపిస్తూ సన్నగిల్లి పోయింది. సౌండ్ ఆయన దూరం నుంచే చెయ్యి ఊపారు. ఆ రాత్రి మేం వాయించినంత బాగా అంతకు ముందెప్పుడూ వాయించలేదు.

జరిగింది ఏమిటంటే, చవక అడాప్టర్లు తమ లోపల పుట్టే చప్పుడుని కొంత వైరులోకి వదులుతాయి. రెండు మూడు పరికరాలు ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకుంటూ, మళ్ళీ ఆడియో వైర్లతో ఒకదానికొకటి కలిసి ఉంటే, ఎర్త్ దారులు చుట్టలా మారి ఆ గోలంతా సౌండ్‌లో చేరుతుంది. జనరేటర్ మీద ఎర్త్ సరిగా లేకపోతే ఇంకా ఎక్కువ. బ్యాటరీ వేసిన పరికరానికి ఆ బోర్డుతో చుట్టరికమే ఉండదు, కాబట్టి చుట్ట తెగిపోతుంది. వోల్కా కూడా ఆరు ఏఏ బ్యాటరీల మీద నడుస్తుంది. అప్పటినుంచి ప్రోగ్రాముల్లో రెండూ బ్యాటరీల మీదే నడుపుతున్నాను.

అడాప్టర్ వాడక తప్పని వాళ్ళకి ఒక హెచ్చరిక. పెడల్‌కీ వోల్కాకీ రెండింటికీ 9 వోల్టులే. కానీ జూమ్ అడాప్టర్‌కి పిన్ను నడిమి భాగం మైనస్, వోల్కాది ప్లస్. వోల్టులు ఒకటే కదా అని ప్లస్ మైనస్ చూడకుండా ఏదో ఒక అడాప్టర్ కలిపితే పరికరం పాడైపోవచ్చు. నేను రెండు వైర్లకీ రెండు రంగుల టేపు చుట్టి పెట్టాను.

పెడల్‌ని ఎక్కడ కలపాలన్నది కూడా ముఖ్యమే. మొదట్లో మిక్సర్ చివర, మొత్తం సౌండ్ దాని గుండా వెళ్ళేలా పెట్టాను. రివర్బ్ (పెద్ద హాల్లో మోగినట్టు చేసే ఎఫెక్ట్) పెట్టగానే వోల్కా కిక్, అంటే లావు దెబ్బ, బురదలో కాలు పడ్డట్టు అయ్యేది. ఇప్పుడు మిక్సర్‌లో ఆక్స్ సెండ్ (ఒక్కో ఛానల్ నుంచి కావలసినంత శబ్దాన్ని విడిగా బయటికి పంపే దారి) నుంచి పెడల్‌కి పంపి, తిరిగి వేరే ఛానల్‌లోకి తెచ్చుకుంటాను. పెడల్‌లో మిక్స్ పూర్తిగా ఎఫెక్ట్ వైపే. వోల్కా ఛానల్ సెండ్ సున్నా. కీబోర్డుకి కావలసినంత. ఒక్క ఆక్స్ సెండ్ ఉన్న చిన్న మిక్సర్ అయినా చాలు, అది కూడా లేని మిక్సర్ మాత్రం కొనొద్దు. ఇంకో సంగతి, ఇది గిటార్ పెడల్. గిటార్ నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌కి తగ్గట్టు చేసినది. కీబోర్డు లైన్ అవుట్ పూర్తి బలంతో పంపితే చిటపటలాడుతుంది. సెండ్ తగ్గించి, రిటర్న్ ఛానల్‌లో పెంచుకోవాలి.

దీనికి మిడి జాక్ లేదు, అంటే పరికరాలు టెంపో లాంటివి ఒకదానికొకటి చెప్పుకునే దారి లేదు. వోల్కా టెంపోని తనంత తాను పట్టుకోలేదు. కొనేటప్పుడు ఇదే పెద్ద లోటు అనుకున్నాను. మా దగ్గర అది పెద్ద లెక్కలోకి రాలేదు, ఎందుకంటే డప్పు వాళ్ళు జనం ఊపుని బట్టి వేగం పెంచుతారు, నేను వోల్కా టెంపో నాబుతో వాళ్ళ వెనక వెళ్తాను. పెడల్‌లో టెంపో ట్యాప్ చేసుకునే (లయకి తట్టి వేగం చూపించే) వీలుంది, దానితో సరిపెట్టుకుంటున్నాను.

కిళ్ళీ కొట్టులో దొరికే బ్యాటరీల మీద నడుస్తుందని ఇంత సంబరంగా చెప్పాను కదా, ఆ రాత్రి తెచ్చినవి మామూలు రకం. ప్రోగ్రాం ముగిసేలోపే బ్యాటరీ గుర్తు ఖాళీ చూపించింది. మొత్తం మీద గంట కూడా రాలేదు. ఆల్కలైన్ అయితే నాకు ఐదారు గంటలు వస్తోంది. రీఛార్జబుల్ వేస్తే సెట్టింగ్స్‌లో బ్యాటరీ రకం మార్చుకోవాలి, లేకపోతే ఇంకా ఎంత మిగిలిందో తప్పు చూపిస్తుంది. ఇంట్లో ప్రాక్టీసుకి నేనూ అడాప్టరే వాడుతున్నాను, రోజూ బ్యాటరీలు కొనే స్తోమత లేదు. కిందటేడు వానాకాలం నాలుగు నెలలు ఆల్కలైన్ బ్యాటరీలు లోపలే వదిలేశాను. తీసి చూస్తే తెల్లటి పొడి కారి, స్ప్రింగులకి చిలుము పట్టి ఉంది. తప్పు నాదే. దూదికి నిమ్మరసం అద్ది తుడిచి, తర్వాత స్పిరిట్‌తో శుభ్రం చేసి, ఎండలో కాకుండా నీడన ఆరబెడితే మళ్ళీ పని చేసింది. ఉప్పుగాలి ఊళ్ళలో ఉండేవాళ్ళు ప్రోగ్రాం అవగానే బ్యాటరీలు తీసేయండి. జాక్ పిన్నులు కూడా నెలకోసారి తుడవండి.

డిలే అందం గురించి కూడా కొంచెం సర్ది చెప్పాలి. స్టేజీ పక్కనే బాక్సులున్న మైదానంలో అది చాలా బాగుంటుంది. రోడ్డు పొడవునా స్తంభాలకి గొట్టం మైకులు కట్టిన చోట నేను డిలే ఆపేస్తాను. 100 మీటర్ల దూరంలో ఉన్న మైకు శబ్దం మనకి దాదాపు 0.3 సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. నిమిషానికి 120 దెబ్బల వేగంలో ఒక్కో దెబ్బకీ మధ్య అర సెకను. ఊరే ఒక డిలే వేస్తుంటే దాని మీద నాది కూడా వేస్తే డప్పు వాళ్ళకి దరువు దొరకదు. అలాంటి చోట పలచగా కోరస్ (ఒక్క వాద్యాన్నే నలుగురు కలిసి వాయించినట్టు చేసే ఎఫెక్ట్) ఒక్కటే ఉంచుతాను. ప్రతిధ్వని ఒకసారి ఎడమ బాక్సులో, ఒకసారి కుడి బాక్సులో పలికే స్టీరియో పింగ్ పాంగ్ డిలే కూడా ఊళ్ళలో నమ్మొద్దు. సౌండ్ సెట్టు వాళ్ళు చాలాసార్లు ఒకవైపు వైరే తీసుకుంటారు, అప్పుడు ప్రతిధ్వనుల్లో సగం జనానికి వినిపించవు.

కొనొచ్చా అంటే, నాలాగా ఆరుబయట, జనరేటర్ మీద, మనుషుల దరువు పక్కన వాయించేవాళ్ళకి ఈ ధరలో నాకు దీన్ని మించింది దొరకలేదు. హాల్లో, మంచి కరెంటుతో, అన్నీ మిడితో కట్టి వాయించేవాళ్ళకి నా మాట సరిపోకపోవచ్చు. మా పిన్ని కొడుకు భీమవరంలో ఏసీ ఫంక్షన్ హాళ్ళలో వాయిస్తాడు. నా మాట విని ఇదే పెడల్ తీసుకున్నాడు, టెంపో దానంతట అదే కలవాలని అతనికి పట్టింపు. నాలుగు నెలలు చూసి, "అన్నయ్యా, ఇది నాకు కుదరడం లేదు," అన్నాడు. అతని పెడల్ నేనే కొనుక్కున్నాను. ఇప్పుడది పాడే కుర్రాడి మైకుకి రివర్బ్ ఇస్తోంది, అది కూడా బ్యాటరీల మీదే.